ఫొటో దిగేటప్పుడు మనిషి ఎందుకు బిగుసుకుపోతాడు?

తెలుగులో ‘ఫోజు’ అనే మాటకు మంచి పేరు లేదు. ‘వాడు ఫోజు కొడుతున్నాడు’ అంటే లేని గొప్ప ఒలకబోస్తున్నాడని అర్థం. ‘ఫొటో దిగుదాం రండి’ అన్నప్పుడు మాత్రం ఆ మాటలో పిలుపు ఉంది, చనువు ఉంది. అంత చనువుగా పిలిచిన మనిషే కెమెరా ముందు నిలబడగానే వేరే మనిషి అయిపోతాడు. అప్పటిదాకా కబుర్లు చెప్పిన పెదవులు బిగుసుకుంటాయి. భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక జేబుల చుట్టూ తారట్లాడతాయి.

‘కాస్త నాచురల్‌గా ఉండండి’ అంటాడు ఫొటోగ్రాఫర్. దాంతో బిగువు ఇంకాస్త పెరుగుతుంది. నిద్ర పట్టని మనిషిని నిద్రపొమ్మంటే నిద్ర వస్తుందా? సహజంగా ఉండటమూ అలాంటిదే, ప్రయత్నించిన కొద్దీ దూరమవుతుంది. సహజమైన ఫొటో కావాలంటే మనిషిని సహజంగా ఉండమని అడగకూడదు. ఒంటికి, చేతులకు, చూపుకు ఏదో ఒక పని అప్పజెప్పాలి. పనిలో పడ్డ ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. ఫోజుల గురించి పుస్తకాలకు పుస్తకాలు చెప్పుకున్నా, అసలు కిటుకు ఇదే.

‘కదలకండి’ ఎక్కడి నుంచి వచ్చింది

1839లో డాగెర్ అనే ఆయన కనిపెట్టిన తొలినాటి ఫొటో పద్ధతి ఫ్రాన్సులో వెల్లడైనప్పుడు ఒక బొమ్మ పడటానికి నిమిషాల కొద్దీ సమయం పట్టేది. కొన్నేళ్లలో అది సెకన్లకు తగ్గింది. అయినా అన్ని సెకన్లపాటు తల కదపకుండా ఉండటం మాటలు కాదు. అందుకే తొలినాటి స్టూడియోల్లో మనిషి వెనక ఒక ఇనుప కడ్డీ, దాని చివర తలను పట్టి ఉంచే చట్రం పెట్టేవారు. ఆనాటి ఫొటోల్లో నవ్వు ముఖాలు అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం. నవ్వును అంతసేపు నిలబెట్టడం ఎవరి తరం?

తర్వాత ఫిల్ము వేగం పెరిగింది, ఫ్లాష్ వచ్చింది. మన ఊళ్ల స్టూడియోల్లో మాత్రం ‘కదలకండి’ పోలేదు. దానికి కారణం ఖర్చు. 120 రోల్‌లో చదరపు ఫ్రేములైతే 12 వచ్చేవి, 35 ఎంఎం రోల్‌లో 36. ప్రతి ఫ్రేముకూ లెక్క ఉన్నప్పుడు కన్ను మూసినా, తల తిప్పినా నష్టమే. కుర్చీలో పెద్దాయన, పక్కన నిలబడి పెద్దావిడ, కాళ్ల దగ్గర పిల్లలు, ఒక మూల స్టూలు మీద ప్లాస్టిక్ పూలకుండీ, వెనక రంగుల తెర. ఊపిరి బిగబట్టాలి, క్లిక్ అన్నాక వదలాలి. విజయవాడలో అయినా, గుంటూరులో అయినా పాత ఆల్బమ్ తెరిస్తే ఇలాంటి ఫొటో ఒక్కటైనా తగులుతుంది. ఫోన్‌లో వంద ఫొటోలు ఊరికే తీసుకునే రోజులు వచ్చినా ఆ ఊపిరి బిగబట్టే అలవాటు మన ఒళ్లలో అలాగే ఉండిపోయింది.

బిగువుకు ఇంకో మూలం ఉంది. దాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. అది మర్యాద. పెద్దల ముందు, దేవుడి ముందు, పదిమందిలో నిటారుగా నిలబడాలని మనకు చిన్నప్పుడే చెబుతారు. రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసిన ఈ నిలకడను శిల్పశాస్త్రం సమభంగం అంటుంది. పూజలందుకునే విగ్రహాలు చాలావరకు అలాగే నిలబడి ఉంటాయి. అదే శాస్త్రం త్రిభంగమనే ఇంకో నిలకడనూ చెప్పింది. అందులో బరువంతా ఒక కాలి మీదకు వస్తుంది, తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది, నడుము పైభాగం రెండో పక్కకు వాలుతుంది, తల మళ్లీ మొదటి పక్కకు వంగుతుంది. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న అమరావతి స్తూపానికి దాదాపు రెండు వేల ఏళ్ల కిందట చెక్కిన సున్నపురాయి పలకలు చాలావరకు ఇప్పుడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో మనుషులు ఇలా ఒరిగి, వంగి, వెనక్కి తిరిగి, ఒకరి మీద ఒకరు వాలి కనిపిస్తారు. ఆ శిల్పులకు మనిషి ఒళ్లు ఎక్కడ బరువు దించుకుంటుందో బాగా తెలుసు. మనం మాత్రం కెమెరా కనబడగానే గర్భగుడి నిలకడలోకి వెళ్లిపోతున్నాం. అక్కడి నుంచి ఆ మనిషిని ఒక్క మెట్టు కిందికి తేవడమే ఫొటోగ్రాఫర్ పని. ఫొటో ‘దిగడం’ అని మనవాళ్లు ఎందుకన్నారోగానీ, ఆ మాట ఇక్కడ చక్కగా అతుకుతుంది.

పాదాల దగ్గర మొదలుపెట్టాలి

చాలామంది ముఖం దగ్గర మొదలుపెడతారు. ‘నవ్వండి’, ‘గడ్డం పైకి’, ‘తల కాస్త పక్కకి’. మొదలుపెట్టాల్సింది పాదాల దగ్గర. ‘బరువు వెనక కాలి మీద వేయండమ్మా’ అంటే చాలు, ముందు మోకాలు దానంతట అదే వంగుతుంది, తుంటి పక్కకు వస్తుంది, ఒక భుజం కిందికి దిగుతుంది, మెడ సడలుతుంది. నాలుగు సూచనలు ఇవ్వాల్సిన చోట ఒక్కటి సరిపోయింది. చీరకట్టులో ఈ తేడా బాగా కనిపిస్తుంది. రెండు కాళ్లు దగ్గరపెట్టి నిలబడితే కుచ్చిళ్లు గొట్టంలా నిలబడతాయి, ఒక మోకాలు వంగితే ఒక వాలులో జారతాయి. ఛాతీ పూర్తిగా కెమెరాకు ఎదురుగా ఉంటే గుర్తింపు కార్డు ఫొటో అవుతుంది. ఒంటిని కాస్త పక్కకు తిప్పి ముఖాన్ని మాత్రం ఇటు తిప్పమంటే మనిషికి ఒక ఆకారం వస్తుంది. దండచేతిని ఒంటికి అదిమిపెడితే అది పరుచుకుని లావుగా కనిపిస్తుంది, కాబట్టి మధ్యలో వేలు పట్టేంత సందు ఉంచమనాలి.

స్టూడియోల్లో తరతరాలుగా వినిపించే ‘గడ్డం పైకి’ అన్న మాట చాలాసార్లు చెరుపే చేస్తుంది. ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి, చూపులో లేని గర్వం వస్తుంది. ముఖాన్ని అంగుళంపాటు ముందుకు చాపి గడ్డాన్ని కాస్త దించమంటే దవడ కింద చర్మం బిగుతుగా మారి గీత తేరుతుంది. ఇలా చేసే మనిషికి అది వింతగా ఉంటుంది, ఎదురుగా ఉన్న కెమెరాకు మాత్రం బాగుంటుంది. పక్క నుంచి తీసే ఫొటోకు ఈ చిట్కా పనికిరాదు, మెడ చాచినట్టు తెలిసిపోతుంది.

చెప్పే భాషలోనూ సగం ఉంది. కెమెరా ముందున్న మనిషికి ‘ఎడమ’ అంటే ఎవరి ఎడమ అన్న తడబాటు తప్పదు. ‘కిటికీ వైపు’, ‘ఏటి వైపు’, ‘అమ్మ నిలబడ్డ వైపు’ అంటే వెంటనే తిరుగుతారు. తెనాలి, మంగళగిరి పల్లెల నుంచి వచ్చే రైతులకైతే ‘తూర్పుకి తిరగండి బాబాయ్’ అంటే ఇంకా సులువు, దిక్కులు వాళ్లకు ఒంట్లోనే ఉంటాయి. ఒకసారి ఒక్కటే చెప్పాలి, అది చేశాకే రెండోది. మనిషిని పట్టుకుని తిప్పడం, భుజం నొక్కడం, పైట సర్దడం ఫొటోగ్రాఫర్ చేయకూడదు. ఎదురుగా నిలబడి తానే చేసి చూపిస్తే అద్దంలో చూసినట్టు చూసి చేసేస్తారు. సర్దాల్సింది ఏదైనా ఉంటే ఇంట్లో ఆడవాళ్లకు చెప్పాలి. బిగువును అన్నిటికంటే పెంచేది మాత్రం మౌనం. ఫొటోగ్రాఫర్ మాట్లాడకుండా స్క్రీన్ చూసుకుంటూ కనుబొమలు ముడిస్తే, తన ముఖంలోనే ఏదో లోపం ఉందని అవతలి మనిషి అనుకుంటాడు. లోపం లైటులో ఉందని ఆయనకెలా తెలుస్తుంది?

ఇక చేతులు. మనిషి ముఖం అబద్ధం చెప్పినా చేతులు చెప్పలేవు. వాటికి పని లేకపోతే పిడికిళ్లు అవుతాయి, లేదా కాటాకు వేలాడదీసిన బరువుల్లా ఉండిపోతాయి. మన బట్టల్లోనే చేతులకు బోలెడంత పని ఉంది. కొంగు సర్దుకోవడం, గాజులు వెనక్కి జరుపుకోవడం, కండువా భుజం మీదకు వేసుకోవడం, లుంగీ మడిచి కట్టుకోవడం, జడ ముందుకు వేసుకోవడం. ఇవన్నీ మనిషి రోజూ చేసేవే, కొత్తగా నేర్పక్కర్లేదు. ‘కొంగు పట్టుకుని నిలబడండి’ అంటే మళ్లీ బొమ్మే అవుతుంది. ‘కొంగు ఒకసారి విప్పి మళ్లీ వేసుకోండి’ అనాలి. సర్దుకోవడం అయిపోయి చెయ్యి ఇంకా అక్కడే ఉన్న అరక్షణం కోసం కాచుకోవాలి. టీకొట్టు మనిషికి గ్లాసు, దర్జీకి టేపు, మాస్టారికి కళ్లజోడు. మిర్చి యార్డులో కాయ నాణ్యత చూసే మనిషిని కెమెరా వైపు చూడమంటే బిగుసుకుపోతాడు. ‘ఇందులో తేజ ఏది, సన్నం ఏది?’ అని అడిగితే కాయ చేతిలోకి తీసుకుని తొడిమ పట్టుకుని చూపిస్తూ మాట్లాడతాడు. అప్పుడు ఆయన వేళ్లు, చూపు, భుజం అన్నీ ఒక్క దిక్కుకే పోతాయి.

నడక కూడా అలాంటి పనే. పది అడుగుల అవతల నుంచి మెల్లగా నడిచి రమ్మని, మధ్యలో ఒకసారి పక్కకు చూడమని చెప్పాలి. కదలిక మసకబారకుండా ఉండాలంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయం సెకనులో 250వ వంతు లేదా అంతకన్నా తక్కువ ఉంటే చాలు. ఇద్దరు మనుషులైతే అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, మరీ తెరవకూడదు, ఒకరి కళ్లు స్పష్టంగా ఉండి రెండోవారివి మసకబారిపోతాయి.

కూర్చోబెట్టడానికి కుర్చీ కంటే మెట్లు మేలు. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న పున్నమి ఘాట్, పద్మావతి ఘాట్ మెట్ల మీద కుటుంబాన్ని కూర్చోమంటే, ఎవరూ చెప్పకుండానే ఎత్తుపల్లాలు ఏర్పడతాయి. ఒక కాలు కింది మెట్టు మీద, మోచెయ్యి మోకాలి మీద, పిల్లవాడు రెండు మెట్ల పైన. అదే నలుగురినీ వరసగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడితే మీటింగు ఫొటో వస్తుంది. కుర్చీ తప్పనిసరైతే వెనక్కి ఆనకుండా అంచున కూర్చోమనాలి, వెనక్కి ఆనిన ఒళ్లు పొట్ట మీదకు కుంగుతుంది.

నవ్వు సంగతి. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే ముఖ కండరాల మీద చేసిన పరిశోధనలో ఒక విషయం చెప్పాడు. పెదవి కొసలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కళ్ల చుట్టూ ఉండే కండరం మాత్రం నిజంగా సంతోషం కలిగితేనే పూర్తిగా కదులుతుందన్నది ఆయన మాట. ‘స్మైల్ ప్లీజ్’ అన్నప్పుడు పళ్లు కనిపించి కళ్లు ఊరుకుంటాయే, దానికి మూలం ఇదే. కాబట్టి నవ్వమని అడగకుండా నవ్వు వచ్చే సందర్భాన్ని తేవాలి. పెళ్లికూతురిని నవ్వించగలిగేది ఫొటోగ్రాఫర్ కాదు, పక్కనే ఉన్న ఆమె పిన్ని కూతురు. నవ్వు ఉధృతంగా ఉన్న క్షణం కన్నా అది తగ్గుతూ ఊపిరి తీసుకునే క్షణం బాగుంటుంది. అప్పుడు నోరు మూతపడుతుంది, కళ్లలో మాత్రం నవ్వు మిగిలే ఉంటుంది.

ప్రతి ఫొటోలో నవ్వు ఉండి తీరాలనీ లేదు. 1941 డిసెంబర్ 30న కెనడాలోని ఒట్టావాలో ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోని చుట్టను చటుక్కున లాగేసి తీసిన ఫొటోలో ఉన్నది చిరాకు. ఆ చిరాకునే లోకమంతా పట్టుదలగా చదువుకుంది. ఇంకో ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ 1950లలో పెద్దపెద్ద వాళ్లను ఫొటో చివర్లో ఒకసారి ఎగరమనేవాడు. ఎగిరే పనిలో పడితే మనిషి తన ముఖాన్ని కాపలా కాసుకోలేడన్నది ఆయన నమ్మకం. ఇద్దరూ మనిషికి ఏదో ఒకటి జరిగేలా చేశారు. మన గుమ్మంలో తీసే ఫొటోకైనా సూత్రం అదే, చుట్ట లాక్కునేంత చొరవ అక్కర్లేదు.

ఫంక్షన్లలో

రిసెప్షన్ స్టేజి మీద సహజత్వానికి చోటు చాలా తక్కువ. వందల మంది వరసగా వస్తారు, ఒక్కో జట్టుకు దొరికేది కొద్ది క్షణాలు. చదివింపుల కవరు ఇచ్చేటప్పుడు ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ కెమెరానే చూస్తారు, కవరు మధ్యలో గాల్లో ఉంటుంది. ఇక్కడ ఫొటోగ్రాఫర్ చేయగలిగిన మంచి పని ఒకటుంది. ‘ముందు పలకరించుకోండి, తర్వాత ఇటు చూడండి’ అని ఆ రెండు పనులను విడదీయడం. పలకరింపులో ఒకటి, నిలబడ్డాక ఒకటి, రెండు ఫొటోలు. మొదటిది ఆల్బమ్‌లో నిలుస్తుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలప్పుడు ఏ ఫోజూ చెప్పక్కర్లేదు, అక్కడ చేతులకు కావాల్సినంత పని ఉంది. క్రతువును ఆపి ‘ఒక్కసారి ఇటు’ అనడమే వాటిని పాడుచేస్తుంది. గుంపు ఫొటోల్లో కళ్లు మూసుకోవడం సహజం, మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. అందరినీ కళ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమంటే ఆ బెడద చాలావరకు తీరుతుంది.

ఓణీల ఫంక్షన్ల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లను సినిమా నాయికలా నడుం మీద చెయ్యి పెట్టించి, ఓరచూపు చూడమని, పెదవి కొరకమని చెప్పే పద్ధతి ఈ మధ్య పెరిగింది. అది ఆ పిల్ల ఒంటికి తెలిసిన భాష కాదు. ఆ వయసు పిల్ల కొత్త ఓణీని చూసుకుని మురుస్తుంది, స్నేహితురాళ్లతో గుసగుసలాడుతుంది, అమ్మమ్మ పెట్టిన వడ్డాణం జారుతుంటే పట్టుకుంటుంది. తీయాల్సినవి అవి. పెద్దయ్యాక ఆ ఆల్బమ్ చూసుకుని తలదించుకునే పరిస్థితి ఆమెకు రాకూడదు. ఈ విషయంలో ఫొటోగ్రాఫర్ కన్నా ముందు ఇంట్లోవాళ్లు వద్దనాలి.

ప్రీ వెడ్డింగ్ షూట్లది వేరే ఇబ్బంది. ఫోన్‌లో చూసిన ఫోజును భవానీ ద్వీపంలోనో, ప్రకాశం బ్యారేజీ దగ్గరో మళ్లీ చేయమంటారు. పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నెల కూడా అయి ఉండదు. నడుం చుట్టూ చెయ్యి వేయమంటే ఆ చెయ్యి అక్కడ కొయ్యలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోమనడం, ఒకే మొక్కజొన్న పొత్తు పంచుకోమనడం ఆ పరిచయానికి సరిపోయే దూరం. దూరం నిజమైనదైతే ఫొటో కూడా నిజంగానే ఉంటుంది.

వెలుతురు ముఖాన్ని ముడుచుకునేలా చేస్తుంది

ఫోజు ఎంత కుదిరినా ఎండలో ముఖం ముడుచుకుంటే అంతా వృథా. విజయవాడ, గుంటూరు దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. అంటే మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కనుబొమల కింద కళ్లు గుంటల్లా నల్లబడతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది, కళ్లు చిట్లించడం ఆపడం ఎవరి వల్లా కాదు. ఆ గంటల్లో బయట తీయకపోవడమే మంచిది. బ్యారేజీ మీద సాయంత్రం సూర్యుడు ఎగువన, నీళ్లు నిలిచిన వైపు దిగుతాడు. ఎండకు ఎదురుగా నిలబెట్టకుండా అది మనిషి వెనకో పక్కనో పడేలా చూసుకుంటే కళ్లు తెరుచుకుంటాయి.

అసలు మంచి స్టూడియో ప్రతి ఇంట్లోనూ ఉంది. అది వీధి గుమ్మం. గుంటూరు బ్రాడీపేటలో అయినా, విజయవాడ సత్యనారాయణపురంలో అయినా, గడపకు ఒక అడుగు లోపల మనిషిని నిలబెట్టి బయటికి చూడమంటే, ఆకాశపు వెలుతురు మెత్తగా ముఖం మీద పడుతుంది, వెనక ఇల్లు చీకటిగా ఒదిగిపోతుంది. ఒరగడానికి ద్వారబంధం ఉంది, ఒక చేతికి పట్టు దొరికింది. చూపుకు వీధి ఉంది, ఎవరు వెళుతున్నారో చూడటం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. బిగువు పోగొట్టే మూడు పనులూ ఒక్క గుమ్మంలోనే అమరాయి.

కెమెరా దూరం కూడా ఇందులో భాగమే. ఫోన్ ముఖానికి మరీ దగ్గరైతే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. మనిషికీ అది మీద పడ్డట్టుంటుంది. రెండు మీటర్లు వెనక్కి వెళ్లి 2ఎక్స్ లేదా 3ఎక్స్ జూమ్ పెట్టుకుంటే రెండూ తీరతాయి. కెమెరా ఉన్నవాళ్లకు 85 ఎంఎం లెన్సు ఆ దూరం కోసమే.

ఈ శ్రద్ధంతా అందరికన్నా ఎక్కువగా కావాల్సింది ఇంట్లో పెద్దవాళ్లకు. చాలామంది అమ్మమ్మలకు, తాతయ్యలకు విడిగా తీసిన మంచి ఫొటో ఉండదు. వాళ్లు పోయాక గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించో, ఆధార్ కార్డులోది పెద్దది చేయించో దండ వేస్తారు. ఆ మసక ముఖాన్నే మనవలు ఏళ్ల తరబడి చూస్తారు. బతికుండగా ఒక మధ్యాహ్నం కేటాయిస్తే ఈ బాధ ఉండదు. ‘ఫొటో తీస్తాను’ అని కూర్చోబెడితే పెద్దావిడ వెంటనే సమభంగంలోకి వెళుతుంది. ముందు ఆ ఫొటో ఆవిడ కోరినట్టే తీయాలి, నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టి. అది ఆవిడ హక్కు. తర్వాత ‘అయిపోయింది అమ్మమ్మా’ అని కెమెరా ఛాతీ దాకా దించి, గోంగూర పచ్చడి ఎలా పెడతావనో, పెళ్లికి బండి కట్టుకుని ఏ ఊరు వెళ్లారనో అడగాలి. భుజాలు దిగుతాయి, చెయ్యి గాల్లోకి లేచి లెక్కలు చెబుతుంది. అప్పుడు మళ్లీ తీయాలి. తీశాక ఆ ఫొటో కూడా ఆవిడకు చూపించి, ఉంచమంటే ఉంచాలి, వద్దంటే తీసేయాలి.

చూపించినప్పుడు ఆవిడ ‘ఇదేంటి, నేను ఇలా ఉంటానా?’ అనడం దాదాపు ఖాయం. దానికీ వివరణ ఉంది. మన ముఖాన్ని మనం చూసుకునేది అద్దంలో, అంటే ఎడమ కుడులు తారుమారుగా. మిగతావాళ్లు చూసేది అసలు ముఖాన్ని. 1977లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, మనుషులు తమ ఫొటోల్లో అద్దపు రూపాన్నే ఎక్కువగా ఇష్టపడ్డారు, వాళ్ల స్నేహితులు మాత్రం మామూలు రూపాన్ని ఎంచుకున్నారు. ఎవరి కన్ను దేనికి అలవాటుపడితే అదే వారికి నచ్చుతుంది. అందుకే ఏ ఫొటో ఉంచాలన్నది దిగిన మనిషి ఒక్కరికే వదిలేసినా, తీసిన మనిషి ఒక్కడే తేల్చినా సరిపోదు, రోజూ ఆ ముఖాన్ని చూసే ఇంకొకరు పక్కన ఉండాలి. అమ్మమ్మ ఎంచుకున్న నిటారు ఫొటోను ఫ్రేము కట్టించి హాల్లో తగిలించవచ్చు. పచ్చడి గురించి చెబుతూ చెయ్యెత్తిన ఫొటోను, ఆవిడ సరేనంటే, కార్డు సైజులో ప్రింట్ వేయించి కూతురి బీరువాలో ఉంచవచ్చు.